మ్యూజియం గదుల్లో మన వస్తువులు – పేరు చెప్పాల్సింది మనమే

మ్యూజియం అంటే మనకు అద్దాల బీరువాలు గుర్తొస్తాయి. బీరువాలో వస్తువు, దాని కింద చిన్న చీటీ. చూసి ముందుకు నడుస్తాం. కానీ ఏ మ్యూజియంలోనైనా మన కంటికి కనిపించేది అక్కడున్న దాంట్లో కొంత మాత్రమే. మిగతాది లోపల తాళం వేసిన గదుల్లో, ఇనుప అరల్లో, గుడ్డ మూటల్లో ఉంటుంది. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియాన్నే చూడండి. 1951లో ప్రజల కోసం తెరిచిన ఆ సంస్థ దగ్గర దాదాపు 46 వేల కళావస్తువులు, 8 వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. అవన్నీ ఒకేసారి గోడల మీదికి, బీరువాల్లోకి రావడం కుదరని పని. అందుకే అలాంటి సంస్థలు అప్పుడప్పుడు లోపలి గదుల నుంచి కొన్ని వస్తువులను తెచ్చి ప్రత్యేక ప్రదర్శనలు పెడుతుంటాయి. ఏళ్ల తరబడి ఎవరూ చూడని వస్తువు ఆ కొద్ది రోజులు వెలుగు చూస్తుంది.

గిరిజనులకు ఇది ఉబుసుపోక చెప్పుకునే ముచ్చట కాదు. ఆ గదుల్లో మన తాతముత్తాతల వస్తువులు కూడా ఉన్నాయి. అవి బయటికి వచ్చిన రోజున వాటిని ఏ పేరుతో పిలుస్తారు, వాటి గురించి ఎవరు చెబుతారు అన్నదే ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచిన విషయం. గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు తండాల్లో, గూడేల్లో ఉన్న మనవాళ్లకు కామారెడ్డి మీదుగానో సిద్దిపేట మీదుగానో బస్సెక్కి హైదరాబాద్ మ్యూజియం చూసి రావడం ఒక రోజు పని. కానీ అక్కడున్న వస్తువును చూసి 'ఇది మనది, దీని పేరు ఇది' అని చెప్పగలిగేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

కోటిలింగాల నాణెం నేర్పిన పాఠం

వస్తువుకు పేరు ఉండటం ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. వానలు పడి మట్టి కొట్టుకుపోయినప్పుడు అక్కడి చేలల్లో చిన్న చిన్న రాగి బిళ్లలు దొరికేవి. చరిత్ర మీద ప్రేమ ఉన్న స్థానికులు వాటిని ఏరి దాచారు. పండితులకు చూపించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి వారు ఆ నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలు చదివారు. గోభద, సమగోప వంటి స్థానిక రాజుల పేర్లు బయటపడ్డాయి. సాతవాహన వంశ మూలపురుషుడు శ్రీముఖుడి పేరు, ప్రాకృతంలో ఛిముక అని, అక్కడి నాణేల మీద కనిపించింది. సాతవాహనులు ఎక్కడ మొదలయ్యారన్న చర్చలో అప్పటిదాకా ఎవరూ లెక్కలోకి తీసుకోని మన ప్రాంతం ముందు వరసకు వచ్చింది.

వేలి గోరంత రాగి బిళ్ల చరిత్ర పుస్తకాన్ని మార్చగలిగింది. కారణం ఒక్కటే. ఆ బిళ్ల తన పేరును తన మీదే మోస్తోంది. రెండు వేల ఏళ్లు మట్టిలో పడి ఉన్నా, ఆ తర్వాత ఎన్నేళ్లు పెట్టెలో ఉన్నా, చదవగలిగినవాడు వచ్చిన రోజున అది మాట్లాడింది.

పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లో 22 వేలకు పైగా నాణేలు దొరికాయి. పాత కరీంనగర్ జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం బయటపడింది. ఒక్క పెద్దబంకూరు నాణేలనే బల్ల మీద పరిస్తే ఎన్ని గదులు కావాలో ఊహించుకోండి. కాబట్టి మ్యూజియాల్లో గోదాము ఉండటం తప్పు కాదు. అది అవసరం. నాణేలకు అందువల్ల పెద్ద నష్టమూ లేదు. పట్టికలో సంఖ్య, దొరికిన చోటు, పొర, బరువు రాసి పెడితే వందేళ్ల తర్వాత కూడా పరిశోధన సాగుతుంది.

మరి మన వస్తువుల సంగతి ఏమిటి? తలమీద పెట్టుకునే చుట్టకుదురు మీద ఏ రాజు పేరూ ఉండదు. డోలు మీద సంవత్సరం ఉండదు. పడిగె గుడ్డ మీద బొమ్మలున్నా, వాటిని చదవడానికి అక్షరమాల సరిపోదు. వాటి పేరు, వయసు, పని, పాట అన్నీ ఒక మనిషి నోటి మీద ఉంటాయి. ఆ మనిషి పోతే వస్తువు మూగదవుతుంది.

ఒక చుట్టకుదురు కథ

మా మండలం చుట్టుపక్కల తండాల్లో ఎక్కువగా ఉన్నవాళ్లు లంబాడాలు. వాళ్ల నుంచే ఒక ఉదాహరణ చెబుతాం. ఏదైనా మ్యూజియంలో అద్దాలు, గవ్వలు కుట్టిన ఒక గుండ్రటి చుట్ట, దాని వెనక వేలాడే నలుచదరపు గుడ్డ కనిపించిందనుకుందాం. కింద చీటీ మీద 'లంబాడీ కుట్టుపని' అని ఉంటే అది అబద్ధం కాదు. కానీ నిజంలో పావు వంతు కూడా కాదు.

దాన్ని గోర్ బోలీలో గన్నో అంటారు. నీళ్ల బిందె కింద తలమీద పెట్టుకునేది అది. వెనక మెడ మీదికి వేలాడే కుట్టుపని గుడ్డ ఫూలియా. పెళ్లిళ్లలో, పండుగల్లో కలశం ఎత్తుకున్నప్పుడు దాని అందం చూడాలి. దాని మీద గవ్వలు ఎందుకున్నాయి? గవ్వ సముద్రంలో పుడుతుంది. సిరిసిల్ల గుట్టల్లో పుట్టదు. లంబాడాలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. ఆ సంచార వ్యాపారాన్ని వాళ్లు లదేణి అనేవారు. దక్కనుకు దండెత్తి వచ్చిన మొగలు సైన్యాలకు కూడా తిండిగింజలు మోసింది ఆ ఎద్దుల బిడారులే. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ఆంగ్ల ప్రభుత్వ పెత్తనం వచ్చింది, ఎద్దుల వ్యాపారం కూలిపోయింది. బిడారులు ఆగిన చోట తండాలు వెలిశాయి. అంటే ఆ గన్నో మీద కుట్టిన గవ్వ ఒక వాణిజ్య మార్గానికి సాక్ష్యం. తండా ఇక్కడికి ఎలా వచ్చిందో అది చెబుతుంది.

ఫేటియా, కాంచళి, టుక్రి, ఘూగ్రి, టోప్లి, బలియా, హాస్లి – ఒక్కో పేరు వెనక ఒక్కో సంగతి ఉంది. చెంపల మీద జడతో కలిసి వేలాడే ఘూగ్రి, టోప్లి చూస్తే ఆమె పెళ్లయిన స్త్రీ అని తెలుస్తుంది. బలియాలు ఒకప్పుడు దంతంతో, ఎముకతో చేసేవారు, తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. చీటీ మీద 'గిరిజన ఆభరణం' అని మాత్రమే రాస్తే పెళ్లి లేదు, వైధవ్యం లేదు, బజారు లేదు, మారిన కాలం లేదు. ఒక లోహపు ముక్క మిగులుతుంది.

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. 1963లో మొదలైన సంస్థ అది. అక్కడే నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. తెలుగు నేల గిరిజనుల ఇళ్ల నమూనాలు, నగలు, వాద్యాలు అక్కడ చూడవచ్చు. కొమురం భీమ్ నేలకొరిగిన జోడేఘాట్‌లో స్మారక మ్యూజియం వచ్చింది. మేడారంలో సమ్మక్క సారలమ్మ పేరున మ్యూజియం వచ్చింది. ఇవన్నీ మనకు గర్వకారణాలు. మన పిల్లలు తప్పక చూడాలి. అయితే వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకుపోవాలని మా విన్నపం. చీటీ చెప్పని మాట ఆ పెద్దమనిషి చెబుతారు.

మన పెద్దలూ దాచారు

దాచిపెట్టడం మ్యూజియాలు కనిపెట్టిన పద్ధతి కాదు. అరుదుగా మాత్రమే చూడవలసిన వస్తువులను దాచి, సమయం వచ్చినప్పుడు బయటికి తీసే ఆచారం ఆదివాసులకు ఎప్పటినుంచో ఉంది. ఈ సంగతి మ్యూజియాల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది గమనించరు.

కేస్లాపూర్ నాగోబా జాతర తీసుకోండి. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో పుష్య అమావాస్య నాడు జరుగుతుంది. మెస్రం వంశస్థులు ఝరి అనే కలశం తీసుకుని చెప్పులు లేకుండా నడిచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గరికి వస్తారు. అక్కడ గోదావరి నీళ్లు నింపుకుని తిరిగి కేస్లాపూర్ దాకా నడుస్తారు. జన్నారం అంటే మన జగిత్యాల జిల్లాకు గోదావరి అవతలి ఒడ్డే. మన ఇంటి పక్క నీళ్లే నాగోబాకు అభిషేకం అవుతాయి. ఆ ఝరిని ఎవరు పట్టుకోవాలో, దారిలో ఎక్కడ ఆగాలో, మర్రిచెట్ల కింద ఎన్నాళ్లు ఉండాలో అంతా కట్టుబాటు ప్రకారం జరుగుతుంది. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. జాతర అయ్యాక ఝరి మళ్లీ తన చోటికి వెళ్తుంది. ఏడాదంతా ఎవరి కంటా పడదు. దాన్ని చూడనంత మాత్రాన ఎవరూ మరచిపోరు.

మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణ రూపంలో గద్దెకు వస్తుంది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గుట్ట మీద ఏముందో పూజారికి తెలుసు. లక్షల మంది ఎదురుచూసేది ఆ నాలుగు రోజుల దర్శనం కోసమే. తర్వాత మళ్లీ రెండేళ్లు ఆగుతారు.

కోయల పడిగెలూ అంతే. పొడవాటి గుడ్డ మీద వేల్పుల, వంశాల, వీరుల బొమ్మలుంటాయి. మామూలు రోజుల్లో చుట్టి దాస్తారు. కొలుపు వచ్చినప్పుడు విప్పుతారు. విప్పినప్పుడు డోలు మోగాలి, ఆ ఇలవేల్పు కథ తెలిసినవాళ్లు పాడాలి. బొమ్మ ఒకటే ఉంటే చాలదు. పాట వల్లనే ఆ బొమ్మ ఎవరో తెలుస్తుంది. గోండుల దండారిలో గుస్సాడీ నెమలి ఈకల కిరీటం దీపావళి రోజుల్లో తలకెక్కుతుంది, మిగతా కాలం భద్రంగా ఉంటుంది. పాత కరీంనగర్, వరంగల్ వైపు నాయకపోడులు లక్ష్మీదేవర గుర్రపు ముఖాన్ని, పాండవుల కొయ్య ముఖాలను అలాగే దాచి, పండుగకు రంగు పూసి ఎత్తుకుంటారు.

ఈ ఉదాహరణలన్నిటిలో వస్తువు ఒంటరిగా లేదు. దానితోపాటు నాలుగు సంగతులు దాచి ఉన్నాయి. దాని పేరు, దాన్ని ముట్టుకునే హక్కున్న మనిషి, బయటికి తీసే కాలం, అప్పుడు పాడే పాట. మ్యూజియం గోదాములోకి వెళ్లేటప్పుడు వస్తువు వెళ్లింది, మిగతా మూడో నాలుగో బయటే ఉండిపోయాయి. మన వాదన ఇంతే. గోదాము తలుపు తెరిచి వస్తువును బయటికి తెస్తున్నప్పుడు, బయట ఉండిపోయిన వాటిని కూడా పిలవాలి.

గుంజాల పెట్టెలు

పిలిస్తే ఏమవుతుందో గుంజాల చెబుతుంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా పాత రాతప్రతులు దాచుకున్నాయి. 2006 ప్రాంతంలో అవి వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటి మీద పనిచేశారు. గోండీకి లిపి లేదని చాలాకాలం చెప్పుకున్నవాళ్లకు ఆ ప్రతుల్లో ఉన్న లిపి కొత్తగా తోచింది. ఊళ్లోని కొద్దిమంది పెద్దలకు మాత్రం అది కొత్తది కాదు. వాళ్లు దాన్ని చదవగలరు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. చదివే పెద్దలు బతికి ఉండగా ప్రతులు బయటికి వచ్చాయి. వాళ్లు కూర్చుని అక్షరం అక్షరం చెప్పారు. పిల్లలకు నేర్పించారు. వాచకాలు వచ్చాయి. 2018 జూన్‌లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఈరోజు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆ అక్షరాలు రాయడానికి వీలుంది. ఆ పెట్టెలు ఇంకో ముప్పై ఏళ్లు ఆలస్యంగా తెరుచుకుని ఉంటే ప్రతులు దొరికేవి, చదివేవాళ్లు దొరికేవారు కాదు. అప్పుడు అవి కూడా ఏదో గోదాములో 'గుర్తుతెలియని లిపి' అన్న చీటీతో మిగిలేవి.

అదే జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ తోడుగా, దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి ఆదివాసీ, జానపద వస్తువులు సేకరించారు. వాద్యాలు, లోహపు బొమ్మలు, పడిగెలు, రాతప్రతులు, పనిముట్లు అందులో ఉన్నాయి. 'ఆద్యకళ' పేరుతో హైదరాబాద్‌లో వాటిని ప్రదర్శించారు. నగరంలో పుట్టి పెరిగిన చాలామందికి తెలంగాణలో ఇన్ని రకాల వాద్యాలు ఉన్నాయని అప్పుడే తెలిసింది. అలాంటి సేకరణకు శాశ్వతమైన నీడ, దాన్ని వివరించే మనుషులు ఉండాలన్నది మనందరి కోరిక కావాలి.

మార్లవాయి ఫోటోలు

మన వస్తువులే కాదు, మన ముఖాలు కూడా దూరాన గోదాముల్లో ఉన్నాయి. ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయారు. నల్లమల చెంచులు, గోదావరి కొండరెడ్లు, ఆదిలాబాద్ రాజగోండుల మధ్య నివసించి పుస్తకాలు రాశారు. కొమురం భీమ్ మరణం తర్వాత ఆదివాసుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన సేవలు వాడుకుంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. నాగోబా దర్బారు ఆ రోజుల్లో మొదలైనదే. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు.

ఆయన తీసిన వేలాది ఫోటోలు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. చాలావాటిని ఇప్పుడు అంతర్జాలంలో చూడవచ్చు. ఒకప్పుడు లండన్ పోతే తప్ప కనిపించని బొమ్మలను ఇప్పుడు మన గూడెంలో కూర్చుని ఫోన్‌లో చూడవచ్చు. ఒక ఫోటోలో ఉన్న ముసలాయన ఎవరి తాతో, ఆ డోలు ఎవరి ఇంటిదో లండన్‌లో చెప్పగలిగేవారు లేరు. మార్లవాయిలో ఉండవచ్చు. ఫోటో కూడా పేరు కోసం ఎదురుచూస్తున్న వస్తువే.

లోకం ఏ దారిన పోతోంది

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2011లో ఇక్రోమ్, యునెస్కో సంస్థలు ప్రపంచ మ్యూజియాల గోదాముల మీద సర్వే చేసి, దాచిన సేకరణల్లో దాదాపు 60 శాతం ప్రమాదంలో ఉన్నాయని తేల్చాయి. చెమ్మ, పురుగు, స్థలం చాలకపోవడం, పట్టికలు సరిగా లేకపోవడం కారణాలు. మన వస్తువులు ఎక్కువగా కొయ్య, తోలు, గుడ్డ, ఈక, వెదురు, సొరకాయ బుర్ర. రాయికి లేని భయం వీటికి ఉంది. అందువల్ల గోదాము బాగుండాలని అడగడం కూడా మన హక్కే.

కెనడాలోని వాంకూవర్ మానవశాస్త్ర మ్యూజియం 1976లోనే గోదామును జనం చూసేలా పెట్టింది. అద్దాల సొరుగులు లాగి చూసుకోవచ్చు. అక్కడి మూలవాసులు వచ్చి తమ వస్తువులను గుర్తుపట్టే వీలు కలిగింది. అమెరికాలో జూనీ తెగవాళ్లు 1978 నుంచి తమ కొయ్య దేవతలను వెనక్కి ఇవ్వమని మ్యూజియాలను అడుగుతూ వచ్చారు. చాలావాటిని తెచ్చుకున్నారు. ఆ దేవతలు ఎండకూ వానకూ నాని మట్టిలో కలవాలన్నది వాళ్ల ధర్మం. అద్దాల పెట్టెలో పాడవకుండా ఉంచడమే వాళ్ల దృష్టిలో అపచారం. 1990లో ఆ దేశం మూలవాసుల అస్థికలను, పవిత్ర వస్తువులను తిరిగి ఇవ్వడానికి చట్టం చేసింది. కొత్త నిబంధనల వల్ల 2024 జనవరిలో న్యూయార్క్‌లోని పెద్ద సహజ చరిత్ర మ్యూజియం రెండు మూలవాసీ విభాగాలను మూసేసింది. తెగల అనుమతి లేకుండా ప్రదర్శించకూడదన్నదే కారణం.

మన దగ్గర ప్రతి వస్తువునూ వెనక్కి తెమ్మని మేము అనడం లేదు. దాచడానికి సరైన చోటు లేని గూడేనికి చెదలు పట్టే డోలును తెచ్చి ఇస్తే ఎవరికీ మేలు లేదు. చూపించదగినది ఏది, చూపించకూడనిది ఏది అన్న నిర్ణయంలో మనకు మాట ఉండాలని అంటున్నాం. పేర్సపేన్ వంటి దైవ రూపాన్ని అలంకార వస్తువు పక్కన పెట్టే ముందు గోండు పెద్దలను ఒక మాట అడగాలి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉషేగాం, కేస్లగూడ వోజ్ కళాకారులు మైనం తీగలతో, మట్టి అచ్చుతో, కరిగించిన ఇత్తడితో చేసే ఆ పనిని దేశమంతా మెచ్చుకుంటోంది. కానీ వాళ్ల చేతుల్లో పుట్టిన దేవుడు గోండు ఇంట్లో దేవుడే, బొమ్మల దుకాణంలో బొమ్మ. చీటీ రాసేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

మన పెట్టెలు, మన తొందర

2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు 2024లో వెళ్లిపోయారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య కూడా అదే ఏడాది వెళ్లిపోయారు. సమ్మక్క సారలమ్మ కథను డోలు మీద పాడిన గొంతు ఆయనది. డోలు మ్యూజియంలో వెయ్యేళ్లు ఉండవచ్చు. ఆ గొంతు ఉండదు. బిరుదు వచ్చినవాళ్ల గురించి పేపర్లో చదివాం. బిరుదు రాకుండా వెళ్లిపోయినవాళ్లు ప్రతి తండాలో, ప్రతి గూడెంలో ఉన్నారు.

ఇంకో పక్క పాత వస్తువులు కొనే బేరగాళ్లు తిరుగుతున్నారు. నాయనమ్మ ఫేటియాను కొత్త చీరకో, స్టీలు గిన్నెకో ఇచ్చేస్తే అది ముక్కలై నగరాల్లో సంచిగా, గోడకు వేలాడే గుడ్డగా అమ్ముడుపోతుంది. ఎవరు కుట్టారో, ఏ పెళ్లికి కుట్టారో కొన్నవాళ్లకు తెలియదు. నూరేళ్లు దాటిన వస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి చట్టం కిందికి పురావస్తువులుగా వస్తాయని, ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని దేశం దాటించడం నేరమని మనవాళ్లకు చెప్పాలి.

అమ్మినవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. ఆకలికి అమ్మినవాళ్లు ఉన్నారు. విలువ ఎవరూ చెప్పక ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. విలువ చెప్పే పని చదువుకున్న మన పిల్లలది.

అందుకే ఈ సంచిక చదివే ప్రతి ఇంటినీ మేము ఒక చిన్న పని అడుగుతున్నాం. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తీయండి. నగ కావచ్చు, పనిముట్టు కావచ్చు, వాద్యం కావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టి ఈ ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయండి. మన భాషలో దీని పేరు ఏమిటి? ఎవరు చేశారు, దేనితో చేశారు? ఎవరు వాడేవారు, ఎవరు ముట్టుకోకూడదు? ఏ నెలలో, ఏ పనికి బయటికి తీసేవారు? అప్పుడు పాడే పాట ఉందా? వాళ్లు చెబుతుండగా ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి. పేరును తెలుగు అక్షరాల్లో రాసినా పరవాలేదు. పలికిన గొంతు ఉంటే ఉచ్చారణ నిలుస్తుంది. పవిత్రమైనదని పెద్దలు వద్దంటే ఫోటో తీయకండి, పేరు మాత్రం రాసుకోండి. వద్దన్న మాట కూడా చరిత్రే.

మ్యూజియాలనూ, ప్రభుత్వాన్నీ మేము కోరేది ఇది. గోదాముల్లో ఉన్న గిరిజన వస్తువుల పట్టికను ఫోటోలతో అందరికీ అందుబాటులో పెట్టాలి. గోండీ, కొలామీ, కోయ, గోర్ బోలీ పేర్లు చీటీల మీద తెలుగు అక్షరాల్లో రాయాలి. లోపలి వస్తువులను బయటికి తెచ్చి ప్రదర్శన పెట్టినప్పుడల్లా ఆ తెగ పెద్దలకు ముందుగా కబురు పెట్టాలి, వాళ్ల దారి ఖర్చులు, బత్తా ఇవ్వాలి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఆ ప్రదర్శనలు హైదరాబాద్‌లోనే ఆగిపోకుండా సిరిసిల్లకూ, జగిత్యాలకూ, ఉట్నూరుకూ రావాలి. చెంచు విల్లును చెంచు పిల్లవాడు, లంబాడా గన్నోను తండా ఆడపిల్ల తమ ఊరి దగ్గరే చూడగలగాలి.

కోటిలింగాల నాణెం చదివేవాడి కోసం రెండు వేల ఏళ్లు ఆగగలిగింది. మన వస్తువులకు అంత గడువు లేదు. వాటిని చదవగలిగినవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనే, మన అరుగుల మీదే కూర్చుని ఉన్నారు. ఈ పండుగకు ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. పెట్టె తెరవమని అడగండి. విన్నది రాసి మాకు పంపండి. అలా వచ్చిన పేర్లన్నీ చేర్చి మన ప్రాంతపు వస్తువుల పట్టిక ఒకటి తయారు చేద్దాం. రేపు ఏ మ్యూజియం మన వస్తువును బయటికి తెచ్చినా, దాని పేరు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.